నచ్చి వాడుతున్నామా... తప్పక వాడుతున్నామా?

కాఫీపొడి మార్చి చూడండి అంటే మన ఇళ్లలో ఎవరైనా ఒప్పుకుంటారా? ‘మా అమ్మ కాలం నుంచీ ఇదే పొడి’ అంటాం. పెళ్లి బట్టలకని రాజమండ్రి తాడితోట వెళ్తే అన్ని కొట్లూ దాటుకుని మనకి తెలిసిన కొట్టు గుమ్మమే ఎక్కుతాం. నగ చేయించాలంటే ఇంటి కంసాలి దగ్గరికే. ఉప్పూ పప్పూ దగ్గర్నుంచి పట్టుచీర దాకా ప్రతిదానికీ మనకో నమ్మకం ఉంది. ఆ నమ్మకానికో కారణమూ ఉంది.

మరి పది పదిహేను వేలు పోసి కొనే సెల్‌ఫోను సంగతేమిటి?

మీ పక్కింటావిడని ‘మీది ఏ కంపెనీ ఫోనండీ?’ అని అడగండి. టక్కున చెబుతారు. ‘అదే ఎందుకు కొన్నారు?’ అని అడగండి. కాస్త ఆగుతారు. ‘మా అబ్బాయి తెచ్చాడండీ’, ‘మా ఆయన వాడిందేనండీ, ఆయన కొత్తది కొనుక్కున్నారు’, ‘షాపు కుర్రాడు ఇదే బావుంటుందన్నాడు’... ఇలాంటి జవాబులే ఎక్కువ వస్తాయి. చివరగా ‘ఈసారి కొంటే ఏది కొంటారు?’ అనండి. ‘మళ్లీ ఇదేనండీ. చేతికి అలవాటైపోయింది కదా!’

ఈ ఆఖరి మాట కోసమే పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి సర్వేలు చేయిస్తాయి. కొన్నవాళ్లకి తృప్తి ఉందా, మళ్లీ మా దగ్గరే కొంటారా అని లెక్కలు వేసుకుంటాయి. దాన్నే ‘బ్రాండ్ లాయల్టీ’ అని ముద్దుగా పిలుచుకుంటాయి. ‘మళ్లీ ఇదే కొంటాను’ అంటే నచ్చినట్టేనని వాళ్ల లెక్క. కానీ ‘మళ్లీ ఇదే’ అనడానికి నచ్చడం ఒక్కటే కారణమా? నచ్చకపోయినా నోరుమూసుకుని ఉండిపోవడం ఆడవాళ్లకి కొత్తేమీ కాదు కదా!

రత్నం పెన్ను నేర్పిన పాఠం

వస్తువు మీద నమ్మకం అంటే ఏమిటో తెలుసుకోడానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. మా కోరుకొండకి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంది రాజమండ్రి. అక్కడ కె.వి.రత్నంగారు 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీగారి మాట పట్టుకుని చేసిన పెన్ను అది. గాంధీగారే 1935లో ఆ పెన్నుని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

ఆ పెన్ను కొన్నవాళ్లు దాన్ని ఎందుకు వదల్లేదంటారు? పాళీ అరిగితే కొత్త పాళీ వేయించుకోవచ్చు. ఇంకు కారితే తీసుకెళ్లి చూపించుకోవచ్చు. చేసినవాళ్లు కళ్లెదురుగా ఉంటారు. బాగోలేదని చెబితే వింటారు. అంటే నమ్మకం కొన్న రోజున కాదు, పాడైన రోజున పుడుతుందన్నమాట! ఈ ముక్క గుర్తుంచుకోండి. సెల్‌ఫోను విషయంలోనూ చివరికి మనం తేల్చుకోవాల్సింది ఇదే.

టార్చిలైటు ఫోను ఏమైంది?

మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జులై 31న వెళ్లింది. కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో ఫోను వస్తే ఎత్తడానికి కూడా డబ్బులే! 2003లో వచ్చే కాల్స్‌కి డబ్బు తీసేశాకే సెల్‌ఫోను మామూలు ఇళ్లలోకి అడుగుపెట్టింది.

సరిగ్గా ఆ సంవత్సరమే నోకియా 1100 అనే చిన్న ఫోను వచ్చింది. పేరు గుర్తులేకపోయినా ఫోను మాత్రం అందరికీ గుర్తుండే ఉంటుంది. పైన టార్చిలైటు ఉండేదే, అదే! కరెంటు పోతే దీపం కోసం వెతుక్కునే పని తప్పింది. దుమ్ము దూరని బటన్లు. తడిచేత్తో పట్టుకున్నా జారదు. కింద పడితే తుడిచి మళ్లీ మాట్లాడుకోవడమే. ప్రపంచం మొత్తం మీద ఇరవై అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయింది ఆ ఒక్క మోడలు. ఫోను అంటే నోకియా, నోకియా అంటే ఫోను అన్నట్టుండేది మనకి.

అంత ప్రేమ ఎక్కడికి పోయింది? నోకియా 2013లో ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కి అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. 2014 ఏప్రిల్లో ఆ అమ్మకం పూర్తయింది. అదే సంవత్సరం నవంబరులో మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత వేరే కంపెనీ ఆ పేరుతో ఫోన్లు తెచ్చినా పాత వైభవం తిరిగి రాలేదు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, నోకియా మీద మనకెవరికీ కోపం రాలేదు. ఫోను పాడైందని విసుక్కున్నవాళ్లూ తక్కువే. అయినా వదిలేశాం. ఎందుకంటే మన అవసరం మారింది. మన గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికని కువైట్ వెళ్లిన తల్లులు ఎంతమంది లేరు? వాళ్లకి పిల్లల గొంతు వినడం ఒక్కటే సరిపోదు కదా. మొహం చూడాలి. పాలపళ్లు ఊడాయో లేదో చూడాలి. జడ ఎవరు వేశారో చూడాలి. టార్చిలైటు ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు. వాట్సాప్ వీడియో కాల్ చేసింది. తృప్తి ఉండీ వదిలేయడం అంటే ఇదే.

ఆ ఖాళీలోకి ఎన్నో పేర్లు వచ్చాయి. 2009లో హైదరాబాదులో పుట్టిన మన సెల్‌కాన్, మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా... కొన్నేళ్లు వీటి రాజ్యమే. 2014లో చైనా నుంచి షియోమీ వచ్చింది. 2015 ఆగస్టు నుంచి ఆ కంపెనీ ఫోన్లు మన శ్రీసిటీలోనే తయారవడం మొదలయ్యాయి. అక్కడ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనికి చేరినవాళ్లలో అధికభాగం చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చవకైపోయింది. ఇక స్మార్ట్‌ఫోను లేని ఇల్లు అరుదైపోయింది. ఎల్‌జీ లాంటి పెద్ద కంపెనీ 2021లో ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది.

ఇన్ని పేర్లు వచ్చి పోయాక కూడా ‘జనం ఒకే కంపెనీని అంటిపెట్టుకుని ఉంటారు’ అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. మనం అంటిపెట్టుకునేది పేరుని కాదు. ఆ పేరు మనకి చేసిపెట్టే పనిని.

తృప్తి అంటే ఏమిటి?

దీని మీద పెద్ద చదువులే ఉన్నాయండోయ్! రిచర్డ్ ఆలివర్ అనే అమెరికా ప్రొఫెసరు 1980లో ఒక మాట చెప్పారు. వస్తువు ఎంత మంచిదన్న దాన్నిబట్టే తృప్తి రాదట. మనం ఎంత ఆశించామో, ఎంత దక్కిందో, ఆ రెంటికీ మధ్య తేడాయే తృప్తయినా అసంతృప్తయినా. మనకి తెలియనిదా ఇది! పెళ్లివారింట్లో పులిహోర కాస్త ఉప్పెక్కువైతే ఊరంతా చెప్పుకుంటాం. అదే పులిహోర కొండ మీద ప్రసాదంగా దొన్నెలో పెడితే ఎంత రుచని కళ్లకద్దుకుంటాం. నాలిక ఒకటే. ఆశే వేరు.

అందుకే ఆరువేల ఫోను వాడే అమ్మాయి ‘పర్లేదండీ, బాగానే ఉంది’ అంటుంది. అరవైవేల ఫోను వాడే అబ్బాయి రోజూ దాన్ని తిడుతూనే ఉంటాడు. సర్వేలో మొదటి ఫోనుకి ఎక్కువ మార్కులు పడ్డాయంటే అది గొప్ప ఫోనని కాదు. ఆ అమ్మాయి తక్కువ ఆశించిందని.

జపాన్ ప్రొఫెసరు నొరియాకి కానో 1984లో ఇంకో సంగతి చెప్పారు. వస్తువులో గుణాలు అన్నీ ఒక రకం కాదట. కొన్ని లేకపోతే తిడతాం, ఉంటే మెచ్చుకోం. ఫోనులో మాట స్పష్టంగా వినపడటం అలాంటిది. కొన్ని ఎంత ఉంటే అంత సంతోషం. చార్జింగు నిలవడం అలాంటిది. ఇంకొన్ని మనం అడగకుండానే వచ్చి మురిపిస్తాయి. ఒకప్పటి టార్చిలైటు అలాంటిది. అయితే మురిపించింది కాస్తా నాలుగు రోజులకి మామూలైపోతుంది. ఇవాళ టార్చి లేని ఫోను అమ్మి చూడండి, మొహాన కొడతారు! కొత్త ఫోనుకి నాలుగు కెమెరాలున్నాయని షాపులో మురిసిపోయే ముందు ఒక్కసారి ఈ సంగతి తలుచుకోవాలి. కెమెరాల మురిపెం తీరిపోతుంది. చార్జింగు నిలవకపోతే మాత్రం ఆ బాధ రోజూ ఉంటుంది.

మళ్లీ మళ్లీ కొనేవాళ్లలో ‘బందీలు’

ఇక అసలు విషయానికొద్దాం. హార్వర్డ్ బిజినెస్ రివ్యూ అనే పత్రికలో 1995లో థామస్ జోన్స్, ఎర్ల్ సాసర్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. ‘బాగానే ఉంది’ అనేవాళ్లకీ, ‘చాలా బాగుంది’ అనేవాళ్లకీ మధ్య భూమ్యాకాశాల తేడా ఉందని అందులో చూపించారు. జిరాక్స్ కంపెనీ లెక్క చూస్తే ‘చాలా బాగుంది’ అన్నవాళ్లు మళ్లీ అక్కడే కొనే అవకాశం, ‘బాగానే ఉంది’ అన్నవాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువట.

అదే వ్యాసంలో కొనేవాళ్లని రకాలుగా విడదీశారు. నచ్చి ఉండేవాళ్లు, నచ్చక పోయేవాళ్లు, చవకదనం చూసి తిరిగేవాళ్లు. వీళ్లతోపాటు మరో రకం ఉంది. నచ్చకపోయినా పోలేనివాళ్లు. వీళ్లకి వాళ్లు పెట్టిన పేరు ‘బందీలు’!

ఆ మాట చదివాక నాకు మన ఇళ్లలోని ఫోన్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఫోను తరచూ వేడెక్కుతుంది, మధ్యాహ్నానికే చార్జింగు అయిపోతుంది. మార్చొచ్చు కదా అంటే ఆవిడ చెప్పే కారణాలు వినండి. కొలతలన్నీ ఫొటోలుగా అందులోనే ఉన్నాయి. ఏ ఆవిడకి ఏ మెడ డిజైను కుట్టారో అందులోనే ఉంది. చీరల పిన్నిగారి గ్రూపు, డ్వాక్రా సంఘం గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు అందులోనే. డబ్బులొచ్చే యాప్‌కి రహస్యం నెంబరు పెట్టింది అబ్బాయి. వాడు హైదరాబాదులో ఉన్నాడు. వాడు వస్తేగానీ కొత్త ఫోనులో అది పెట్టడం రాదు. వేరే కంపెనీది కొంటే బటన్లు ఎక్కడుంటాయో! అందుకని మళ్లీ అదే కంపెనీ కొనమని చెప్పారట.

కంపెనీ సర్వేలో ఈవిడ ‘నమ్మకమైన కస్టమర్’. నన్నడిగితే బందీ.

ఇంకొంతమందిని ఆపేది పని కూడా కాదు. పోయినవాళ్ల గొంతు ఒక చిన్న వాయిస్ మెసేజ్‌గా అందులో ఉండిపోతుంది. ఫాల్గుణంలో తీర్థానికి అందరూ కలిసి కొండెక్కి నరసింహస్వామిని చూసొచ్చిన ఫొటో ఉంటుంది. అందులో ఉన్న మావయ్యగారు ఇవాళ లేరు. ఫోను మారిస్తే అవి ఏమవుతాయో అన్న భయం. దీన్ని ఏ కంపెనీ తన గొప్పగా చెప్పుకోగలదు?

బందీతనం అంటే ఏమిటో, సంకెళ్లు తీస్తే ఏమవుతుందో మనం ఒకసారి చూశాం. 2011 జనవరి 20 దాకా సెల్ కంపెనీ మారితే నెంబరు పోయేది. సిగ్నలు రాకపోయినా, డబ్బులు ఊరికే కోసేస్తున్నా, నెంబరు పోతుందని భరించేవాళ్లం. ఆ రోజున దేశమంతా నెంబరు పోర్టబిలిటీ వచ్చింది. నెంబరు మన వెంటే వచ్చేసింది. అప్పుడుగానీ ఏ కంపెనీ అంటే నిజంగా ఇష్టమో, ఏది తప్పక భరించామో తేలలేదు! అలాగే వాట్సాప్ మాటలు, ఫొటోలు ఆండ్రాయిడ్ ఫోను నుంచి ఐఫోనుకి మార్చుకునే వీలు 2022లో వచ్చింది. అంతకుముందు అవి అక్కడే ఆగిపోయేవి. తలుపు తెరిచి ఉన్నా ఉండిపోయేవాళ్లే నిజంగా నచ్చి ఉన్నట్టు.

ఎవరి తృప్తి? ఎవరి ఎంపిక?

ఇంకో సంగతి ఉంది. దీన్ని కంపెనీలవాళ్లు అడగరు. మనమే అడగాలి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తామే వాడుకునే సెల్‌ఫోను ఉన్న ఆడవాళ్లు 54 శాతం. అంటే నూటికి 46 మందికి తనదంటూ ఒక ఫోను లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఉన్నవాళ్లు సగానికి కాస్త తక్కువే తేలారు. ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడిన ఆడవాళ్లు దేశంలో మూడోవంతు, మగవాళ్లలో సగానికి పైనే. ఆ సర్వే జరిగాక ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోను చేతిలో ఉండటం వేరు, అది తన ఇష్టంతో కొనుక్కున్నది కావడం వేరు.

మన ఇళ్లలో ఫోనుకి కూడా ఒక వరస ఉంటుంది. కొత్తది అబ్బాయికో ఆయనకో. వాళ్లది పాతబడితే మనకి. మనది మూలబడితే అత్తగారికి. తెర మూల పగిలింది, చార్జింగు తీగ వంకరగా పెడితేనే ఎక్కుతుంది, ‘మెమరీ నిండిపోయింది’ అని గంటకోసారి గోల... ఆ ఫోను తోనే గ్యాస్ బుక్ చేయాలి, పిల్లల హోంవర్క్ దించుకోవాలి, డ్వాక్రా కంతు కట్టాలి. 2025 జనవరిలో వచ్చిన ‘మన మిత్ర’తో సర్టిఫికెట్లకి కూడా వాట్సాప్‌లోనే అర్జీ పెట్టుకునే వీలొచ్చింది. దానికీ ఈ ఫోనే. ‘ఇంట్లో ఉండేదానికి నీకింత మంచి ఫోనెందుకే?’ అంటారు. ఇంట్లో ఉండేదానికి ఇన్ని పనులు ఆ ఫోనులో పెట్టిందెవరు మరి!

శ్రీసిటీలో ఆ ఫోన్లు బిగించింది ఆడపిల్లలు. ఇంట్లో ఎక్కువ పనులకి వాడేది ఆడవాళ్లు. ఏ ఫోను కొనాలో చెప్పేదగ్గర మాత్రం మనం ఉండం.

తాము ఎంచుకోని ఫోనుతో పనిచేయాల్సొస్తే ఏమవుతుందో చెప్పడానికి మహారాష్ట్ర అంగన్‌వాడీ టీచర్ల ఉదంతం చాలు. పోషణ్ పథకం లెక్కలు ఎక్కించమని ప్రభుత్వం వాళ్లకి ఫోన్లిచ్చింది. అవి నిదానం, వేడెక్కడం, యాప్ పూర్తిగా ఇంగ్లీషులో ఉండటం, తెల్లారిన దగ్గర్నుంచీ ఇదే అవస్థ. 2021 ఆగస్టులో వేలాదిమంది టీచర్లు ఆ ఫోన్లు తెచ్చి అధికారుల ముందు పెట్టేశారు. ‘మాకిది పనికిరాదు’ అని నోరు తెరిచి చెప్పారు. ఎవరు డబ్బులు పెట్టారన్నది కాదు, ఎవరు వాడుతున్నారన్నదే ముఖ్యమని దీన్నిబట్టి తెలియడం లేదూ?

పాడైన రోజునే తెలుస్తుంది

తప్పు ఏ కంపెనీ వల్లయినా జరగొచ్చు. ఆ తర్వాత ఏం చేసిందన్నదే ప్రశ్న. శాంసంగ్ 2016లో విడుదల చేసిన గెలాక్సీ నోట్ 7 ఫోన్ల బ్యాటరీలు మండిపోయాయి. విమానాల్లో ఆ ఫోను తేవద్దన్నారు. కంపెనీ ఫోన్లన్నీ వెనక్కి తీసుకుంది. మార్చి ఇచ్చినవి కూడా మండడంతో తయారీయే ఆపేసింది. 2017 జనవరిలో తప్పెక్కడ జరిగిందో అందరి ముందూ చెప్పింది. ఆ సంవత్సరమే వచ్చిన వాళ్ల తర్వాతి ఫోనుని జనం మళ్లీ కొన్నారు.

ఆపిల్ కథ ఇంకో రకం. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లని తామే నిదానం చేస్తున్నామని 2017 డిసెంబరులో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామన్నారు. కొన్నవాళ్లకి చెప్పకుండా చేయడమే అందరికీ మండింది. చివరికి క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకి తగ్గించారు. కొత్త బ్యాటరీ వేయించుకున్నాక ఎంతోమందికి పాత ఫోనే కొత్తదానిలా నడిచింది. కొత్త ఫోను అవసరమే లేదన్నమాట!

మనలాంటి ఊళ్లలో ఈ విషయం ఇంకో రూపంలో కనిపిస్తుంది. కంపెనీ సర్వీసు సెంటరు కావాలంటే మాకు రాజమండ్రే దిక్కు. 2025 ఆగస్టు 15న ‘స్త్రీ శక్తి’ వచ్చాక బస్సులో టిక్కెట్టు గొడవ తప్పింది. కానీ రోజు కూలి పోతుంది కదా? వెళ్తే టోకెను, వెయిటింగు, ‘రెండ్రోజులాగి రండి’. మా చుట్టాలమ్మాయి ఫోనుకి అప్‌డేట్ చేశాక తెర మీద నిలువునా పచ్చగీత పడింది. కంపెనీ పేరెందుకులెండి. వారంటీ దాటి పది రోజులైందన్నారు. తెర మార్చాలంటే ఫోను ఖరీదులో సగం అడిగారు.

అందుకే ఊళ్లో చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్న కుర్రాడే మనకి పెద్ద దిక్కు. ‘ఇది బాగుచేసినా నిలవదు అక్కా, డబ్బులు దండగ’ అని చెప్పేది అతనే. ఫొటోలన్నీ కొత్త ఫోనులోకి ఎక్కించి ఇచ్చేదీ అతనే. అతను ఏ కంపెనీ చెబితే అది కొంటాం. పైకి అది బ్రాండు మీద నమ్మకంలా కనిపిస్తుంది. నిజానికది మనిషి మీద నమ్మకం. రత్నం పెన్నుకి పాళీ మార్చి ఇచ్చిన చేతి మీద ఉండేదే, ఆ నమ్మకమే ఇదీ.

బాగుచేసుకునే హక్కు కూడా హక్కే!

పాడైన వస్తువుని పారేయడం కాదు, బాగుచేసుకోవడం కొన్నవాళ్ల హక్కని ఇప్పుడు ప్రపంచమంతా అంటోంది. ఏ ఫోను ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో మార్కులు వేసి షాపులో చూపించాలని ఫ్రాన్స్ 2021 నుంచి నియమం పెట్టింది. 2025 జూన్ నుంచి యూరప్ దేశాలన్నిటిలో ఫోను మీద అలాంటి లేబుల్ ఉండాల్సిందే. మన దేశంలోనూ కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పెట్టింది. ఫోన్లకి ఇలాంటి మార్కులు ఎలా వేయాలో సూచిస్తూ 2025 మే నెలలో నిపుణుల కమిటీ నివేదిక ఇచ్చింది.

న్యాయం అడగడానికి చట్టం కూడా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లోకొచ్చింది. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, షాపు విజయవాడలో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వస్తువు ఖరీదు అయిదు లక్షలలోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. అంతదాకా వెళ్లేముందు 1915 నెంబరుకి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈసారి ఫోను కొనేటప్పుడు...

* షాపుకి మీరే వెళ్లండి. అబ్బాయినో ఆయన్నో తోడు తీసుకెళ్లండి. కానీ ఫోను మీ చేత్తో పట్టుకుని, తెలుగులో టైపు చేసి, మాట విని చూడండి.

* మీరు రోజూ చేసే అయిదు పనులు కాగితం మీద రాసుకోండి. ఆ అయిదూ ఏ ఫోను బాగా చేస్తుందో అడగండి. మిగతా గొప్పలు తర్వాత వినొచ్చు.

* ‘ఈ ఫోనుకి అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి?’ అని తప్పకుండా అడగండి. 2023, 2024లో కొన్ని ఖరీదైన గూగుల్, శాంసంగ్ ఫోన్లకి ఏడేళ్లని మాటిచ్చారు. చవక ఫోన్లకి అంతకంటే బాగా తక్కువ. అవి ఆగిపోతే బ్యాంకు యాప్‌లు మొరాయించే రోజు వస్తుంది.

* సర్వీసు సెంటరు ఎక్కడ ఉంది, తెరకి ఎంత, బ్యాటరీకి ఎంత, కొనేముందే కనుక్కోండి.

* బిల్లు మీ పేరు మీదే రాయించుకోండి. ఫోను లోపలి పదిహేనంకెల నెంబరు బిల్లు మీద ఉందో లేదో చూడండి. *#06# నొక్కితే ఆ నెంబరు తెర మీద కనిపిస్తుంది. బిల్లుని పప్పు డబ్బాలో కాదు, ఇంటి కాగితాలతోపాటు దాచండి.

* నిదానమైందని వెంటనే ఫోను మార్చేయకండి. రెండు మూడేళ్లు వాడిన ఫోనుకి చాలాసార్లు బ్యాటరీ మారిస్తే చాలు. మన ఎండల్లో ఫోనుని కిటికీ దగ్గరా పొయ్యి పక్కనా పెట్టకపోతే బ్యాటరీ ఇంకొన్నాళ్లు మన్నుతుంది.

* ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు, నెంబర్లు మరో చోట కూడా దాచుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, వాట్సాప్ బ్యాకప్ పెట్టుకోవడం ఒక్కసారి చూపించుకుంటే పోతుంది. డబ్బుల యాప్ రహస్యం నెంబరు మీరే పెట్టుకోండి, మీకే తెలియనివ్వండి.

ఈ ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. ఫొటోలు భద్రంగా వేరేచోట ఉన్నాయనుకోండి, నెంబర్లు రాసుకుని ఉన్నాయనుకోండి, ఫోను మార్చడం మీకే వచ్చనుకోండి. అప్పుడు మిమ్మల్ని ఏ కంపెనీ కట్టిపడేయలేదు. నచ్చితే పదేళ్లు అదే కంపెనీ వాడండి, ఎవరు కాదన్నారు? నచ్చకపోతే మర్నాడే మార్చేయండి.

ఈసారి ఎవరైనా ‘మళ్లీ ఇదే కంపెనీ కొంటారా?’ అని అడిగితే, జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ‘అలవాటైపోయిందండీ’ అన్న మాట నోటి దాకా వస్తే దాన్ని కాస్త పక్కన పెట్టండి. దాని వెనకాల నిజంగా మీ మనసులో ఉన్న మాట ఏమిటో చూసుకుని అప్పుడు చెప్పండి.